ఏడికి వోతున్నవ్ బిడ్డా?

చావు కబురు చల్లగా చెప్పడమంటే ఏమిటో నిన్న తెలిసింది. ఎల్లారెడ్డి నుంచి వచ్చిన బండాయన మా అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, మా బర్రె ఈనిందా అని అడిగి, తలరుమాలు విప్పి దులుపుకుని, అప్పుడన్నాడు.

"గడపవ్వ పోయింది కంపోండర్ సాబ్. తొమ్మిది దినాలాయె."

ఆయన రొండిన దోపుకున్న చిన్న బట్టసంచి తీసి నా చేతిలో పెట్టాడు. "గిది నీకియ్యమన్నదట. ఆకరి దినాలల్ల మా ఇంటామెనే చూసుకున్నది గద, ఆమెకు చెప్పిందట. మేం ఇప్పి చూసినం. ఒక్క నూలుపోగు తప్ప ఇండ్ల ఏం లేదు. ఏం కత గిది?"

అదేం కథో నాకు తెలుసు. రాత్రంతా అదే తలపోసుకుని, ఈ పొద్దు తెల్లవారగానే కాగితం ముందర కూర్చున్నాను.

ఆమె అసలు పేరు నాకు తెలియదు. పదేళ్లు ఆ ఇంట్లో పడుకుని, ఆమె చేతి రొట్టె తిని, కనిపించిన ప్రతిదాన్నీ గుచ్చి గుచ్చి అడిగే నేను ఆ ఒక్కటీ అడగలేదు. అందరూ గడపవ్వ అనేవారు, నేనూ అన్నాను. అంతే.

నేను కామారెడ్డి పసుల దవాఖానలో కంపౌండరుగా చేరిన కొత్తలో, నెలకు ఐదారు రోజులు ఎల్లారెడ్డి దిక్కు పల్లెలు తిరగాలి. గాలికుంటు వచ్చిన ఎడ్లకు గిట్టలు కడగడం, సూదులు వెయ్యడం నా పని. చుట్టూ గుట్టలు, మోదుగు చెట్లు, టేకు అడవి. పొద్దు వాలిందంటే ఊరి మీద గుట్టల నీడ పడి చలి మొదలయ్యేది. ఎల్లారెడ్డిలో దిగడానికి చోటెక్కడని అడిగితే ఎవరైనా చూపించేది ఒక్కటే ఇల్లు. దాన్ని గుర్రాల సరాయి అనేవారు.

ఎప్పటిదో పాత దొరల కాలంలో, మోటర్లు లేనినాడు, గుర్రాల మీద వచ్చేవాళ్లు దిగడానికి కట్టిన ఇల్లది. ముందర రాతి అరుగు, దానిమీద నీడకు పెంకుల సాయబాను. గోడకు వరసగా నాలుగు ఇనుప కడియాలు. వాటికి గుర్రాలు కట్టేవారట. వాకిట్లో నీళ్లు తాగడానికి పొడుగాటి రాతి తొట్టి. తలుపు పొట్టిది, గడప ఎత్తుది. ఆ టేకు గడప మీద ఎన్ని వేల కాళ్లు పడ్డాయో, నడుమ పల్లం పడి ఉండేది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టగూడదంటారు గానీ, నేను నిజంగానే పడుకుని లెక్కపెట్టాను. నలభై ఒకటి.

దొరల వాళ్లు పట్నం పోయారు, గుర్రాలు పోయాయి, గుర్రాలకు మాలీసు చేసే ముసలాయన పోయాడు. ఆ ముసలాయన కోడలే గడపవ్వ. బాటసారులకు నులకమంచం, గొంగడి, పూటకింత తిండి ఇస్తూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. సన్నటి మనిషి. ముక్కుకు నత్తు. వంగి నడిచేది గానీ ఎవరినైనా చూసేటప్పుడు మాత్రం నిటారుగా నిలబడేది.

మొదటి మాపు ఆమె నన్ను కులం అడగలేదు, ఊరడగలేదు. ఆ కాలంలో అది మామూలు సంగతి కాదు.

"నా చేతిది తింటె జొన్నరొట్టె ఉన్నది, గట్క ఉన్నది. తినకుంటె పేలాలు, బెల్లం, పాలున్నయ్. ఏది కావాల్నో నువ్వే చెప్పు," అంది.

రొట్టె అన్నాను. తరవాత ఆమె కడవతో నీళ్లు తెచ్చి వాకిట్లో ఉన్న తొట్టిని నింపింది. నాకు ఊరుకునే గుణం లేదు.

"గుర్రాలు రావు గదవ్వా, నీళ్లెందుకు?"

"రావని నీకు చెప్పి పోయినయా?" అంది, కడవ దించకుండానే.

మర్నాడు పొద్దుగాల మందుల పెట్టె చంకన పెట్టుకుని "పోయొస్త అవ్వా" అని కుడికాలు గడప దాటించానో లేదో, వెనక నుంచి గొంతు వచ్చింది.

"ఏడికి వోతున్నవ్ బిడ్డా?"

మా దిక్కు బయలుదేరిన మనిషిని ఎవరూ ఎక్కడికని అడగరు. అడిగితే పోయిన పని కాదని, పోయినవాడు క్షేమంగా రాడని భయం. అంతగా తెలుసుకోవాలంటే "దూరమా?" అంటారు. ఎవరైనా నోరు జారి అడిగేస్తే, బయలుదేరినవాడు వాళ్లను మనసులో తిట్టుకుని, లోపలికి వచ్చి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ కదలాలి. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి, ఇంత ముసలామెకు తెలియదా అనుకుంటూ వెనక్కి వచ్చాను. కాళ్లకు నీళ్లు అప్పటికే పెట్టి ఉన్నాయి. చాప పరిచి ఉంది. చాప ముందర వేడి రొట్టె, ఎర్రకారం, ఉల్లిగడ్డ. అంటే నేను వెనక్కి వస్తానని ఆమెకు ముందే తెలుసు.

తిన్నాను. "లింగంపేటకు," అన్నాను, ఇంకా కోపంగానే.

"అంటె కామారెడ్డి తోవ." ఆమె పత్తిపోగు ఒకటి లాగి, వేళ్లతో పేని, బయటికి వచ్చి మొదటి కడియానికి ముడివేసింది. అప్పటికే ఆ కడియానికి రెండు పోగులున్నాయి. మిగతావాటికీ ఉన్నాయి. ఒక కడియం కామారెడ్డి తోవకు, ఒకటి బాన్సువాడకు, ఒకటి నిజాంసాగర్‌కు, ఒకటి నాగిరెడ్డిపేటకు. దిగినవాడు మళ్లీ ఆ తోవన తిరిగొచ్చినప్పుడు ఆమె తన చేత్తో ఆ పోగు విప్పేది. ఏది ఎవరిదో ఒక్కసారీ తప్పలేదు.

ఎందుకడుగుతుందన్నది సరాయిలో దిగేవాళ్లందరికీ పొద్దుపుచ్చే ముచ్చట. బట్టలమ్మే సేటు, అది తిండి తినిపించే ఉపాయమన్నాడు. "పొద్దుగాల తినకుంట ఎవ్వడు పోవద్దు. పిలిస్తె ఆగరు, గట్ల అడిగితె ఆగుతరు," అని. డోంగ్లి దిక్కు నుంచి ఎడ్లు తోలుకొచ్చే బేరగాడు, సగం మరాఠీలో సగం తెలుగులో, ఆ ఇంట్లో చచ్చిన గుర్రాల మీద ఆన పెట్టి ఆమెచేత అడిగిస్తున్నాయన్నాడు. ఒక పోలీసు జవాను, మీసం దువ్వుకుంటూ, ఆమె ఠాణా అమీన్ సాబ్‌కు ఖబర్లు చేరవేస్తుందని గొంతు తగ్గించి చెప్పాడు. ఆ మాట చెబుతున్నవాడే జవాను, మరి ఆ ఖబర్లు ఆయనకు తెలియకపోవడమేమిటని నేనడిగితే నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నా మటుకు నాకు, ఆమె నాలాంటిదేననిపించేది. ఊరికే తెలుసుకోవాలనే గుణం.

నేరుగా అడిగాను కూడా. "రాతిరే అడగొచ్చు గదవ్వా, గడప మీదనే ఎందుకు?"

"రాతిరి చెప్పింది పొద్దుగాలకు మారుతది. కాలు గడప మీదున్నప్పుడు చెప్పిందే నిజం."

"అడుగుడెందుకంటున్న."

"రొట్టె చల్లారుతది, తిను."

అయితే ఆ పోగుల వల్ల మేలు జరగడం నా కళ్లతో చూశాను. పురిటినొప్పులు పడుతున్న ఇల్లాలి కోసం ఆమె తమ్ముడు ఉరికొచ్చి, బావ ఏ ఊరికి పోయాడో తెలియక ఏడుస్తుంటే, గడపవ్వ అరుగు మీదికి వచ్చి మూడో కడియం పట్టుకుని, "నిజాంసాగర్ తోవ. ఇంకా రెండు కోసులు దాటి ఉండడు, ఉరుకు," అంది. దొరికాడు.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పడం నాకిష్టం లేదు, అయినా చెప్పాలి.

రెండుసార్లు పిల్లను చూడ్డానికి ఆ సరాయి నుంచే బయలుదేరాను. రెండుసార్లూ ఆమె అడిగింది, నేను నిజం చెప్పాను, రెండుసార్లూ సంబంధం తప్పింది. ఒకరు "పసులకు సూదులేసేటోనికి పిల్లనియ్యం" అన్నారు. ఇంకొకరు మళ్లీ కబురే పెట్టలేదు. తప్పు నా కొలువుదో నా మొహానిదో అనుకోవడం కంటే, అవ్వ నోటిదనుకోవడం సులువు. అలాగే అనుకున్నాను.

మూడోసారి, జంగ్లాత్‌లో అంటే అడవి శాఖలో పనిచేసే స్నేహితుడొకడు నాగిరెడ్డిపేటలో ఒక పిల్ల ఉందన్నాడు. రెండుసార్లు తలవంపులయ్యాయి కనుక ఈసారి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. భిక్నూర్‌లో ఉన్న అమ్మకూ చెప్పలేదు, అన్నకూ చెప్పలేదు. ఊరికే చూసొద్దామని. కొత్త ధోవతి కట్టుకుని గడప దాటుతుంటే మామూలే.

"ఏడికి వోతున్నవ్ బిడ్డా?"

వెనక్కి వచ్చాను, కూర్చున్నాను, నీళ్లు తాగాను. "కామారెడ్డికి అవ్వా. దవాఖానల పనున్నది," అన్నాను.

ఆమె నా కొత్త ధోవతి వంక ఒకసారి చూసింది. మొదటి కడియానికి పోగు కట్టింది. నేను ఆమె కనుచూపు మేర కామారెడ్డి తోవనే నడిచి, మలుపు తిరిగాక చేలకడ్డం పడి నాగిరెడ్డిపేట తోవ పట్టాను. ఎంత తెలివిగలవాణ్ణో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

పిల్ల నచ్చింది. నేను కూడా నచ్చాను. పిల్ల తండ్రి పోచారం చెరువు కింద వరి చూపించి, వాళ్ల ఎద్దుకు కాలు వాచిందంటే నేనక్కడే కూర్చుని పట్టీ కట్టాను. "పని తెలిసిన పిలగాడు," అన్నాడు. మాట ఖాయమైంది. పొద్దు వాలే వేళకు, కాళ్లు నేలమీద ఆనకుండా, సరాయికి తిరిగొచ్చాను.

అవ్వ తొట్టిలో నీళ్లు పోస్తోంది. నన్ను చూసి కడవ దించింది.

"నువ్వు గిటుకెళ్లి వస్తున్నవేంది?"

నవ్వాను. "చిన్న అబద్దమవ్వా, కోపం చెయ్యకు. పిల్లను చూడ పోయిన. నువ్వు అడుగుడు, పని చెడుడు అయితుందని గట్ల చెప్పిన. కుదిరింది!"

ఆమె మొహం నాకిప్పటికీ కనిపిస్తుంది. తిట్టలేదు. అరుగు మీద కూలబడి, రెండు చేతులూ నేలకానించింది.

"మీ అన్నొచ్చిండు బిడ్డా. పొద్దుగాల్నే, సైకిల్ మీద. మీ అమ్మకు గత్తర సోకిందట, కక్కుళ్లు, బేదులట. నిన్ను చూస్తనంటున్నదని ఉరికొచ్చిండు. కామారెడ్డి పోయిండని చెప్పిన. నేను గా తోవలనే వచ్చిన, కనపడలేదవ్వా అన్నడు. మోటర్ల పోయి ఉంటడు, దవాఖాన కాడ ఉంటడు పో అన్న. కడెంకు పోగు చూపెట్టిన. ఎన్నడు తప్పలేదు బిడ్డా నాది, ఎన్నడు తప్పలేదు."

నాగిరెడ్డిపేట ఆమెకు తెలిసి ఉంటే అన్న మధ్యాహ్నానికి నన్ను అందుకునేవాడు. మాపటికి అమ్మ దగ్గర ఉండేవాళ్లం. అన్న కామారెడ్డి వెనక్కి పోయి, దవాఖానలో, బజారులో, స్టేషన్‌లో సాయంత్రందాకా నా కోసం దేవులాడాడు. అమ్మ పొద్దుగూకే వేళకు పోయిందట. చిన్నోడొచ్చిండా, చిన్నోడొచ్చిండా అని అడిగి అడిగి పోయిందట. నేను భిక్నూర్ చేరేసరికి అన్నీ అయిపోయాయి. చెరువొడ్డున అమ్మను కాల్చగా మిగిలిన బూడిద చూశాను. నా తెలివి అంతవరకు పనికొచ్చింది.

నెల రోజులు అటుపక్క పోలేదు. కొలువు గనుక తప్పక మళ్లీ పోయాను. అవ్వ తిడుతుందనుకున్నాను. రొట్టె పెట్టింది, గొంగడి దులిపి ఇచ్చింది. మర్నాడు పొద్దున మందుల పెట్టె పట్టుకుని గడప మీద కాలు పెట్టాను. వెనక నుంచి ఏ మాటా రాలేదు.

తిరిగి చూశాను. ఆమె పొయ్యి దగ్గర తల వంచుకుని బూడిద ఎత్తుతోంది. అరుగు మీద కడియాలకు పాత పోగులే తప్ప కొత్తది ఒక్కటీ లేదు. పక్కనున్న సేటు మెల్లగా చెప్పాడు. "నెల సంది ఎవ్వల్ని అడుగుత లేదు. తిండి సుత రాతిరే పెడుతది. పొద్దుగాల ఎవలెటు పోయినా మొకం తిప్పుకుంటది."

నాకు అమ్మ పోయినరోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది. గడప దాటబుద్ధి కాలేదు, అక్కడే నిలబడ్డాను.

"అవ్వా, అడుగవా?"

"అడిగి ఏం చేసుకోను? నా నోట్లకెళ్లి అబద్దం వచ్చింది. నీ అబద్దం నీదే అయితె నీతోటే పోతుండె. నా నోట్లకెళ్లి వచ్చి, మీ అమ్మను చంపె."

"నువ్వు చంపలేదవ్వా. నేను తప్పు చెప్పిన. ఇగ చెప్ప. అడుగు."

ఆమె లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, నిటారుగా నిలబడి అడిగింది.

"ఏడికి వోతున్నవ్ బిడ్డా?"

లోపలికి వచ్చి కూర్చున్నాను. ఏడుస్తూనే రొట్టె తిన్నాను. ఆ పొద్దు, ఇంతకాలం ఎవరెంత గుచ్చి అడిగినా చెప్పని సంగతి ఆమె తనంతట తానే చెప్పింది.

ఆమెకు పదిహేడేళ్లప్పుడు, పెళ్లయి రెండేళ్లకు, ఒకనాటి పొద్దుగాల ఆమె మొగుడు గొంగడి భుజాన వేసుకుని, కట్టె పట్టుకుని గడప దాటాడు. ఆమె వాకిట్లో సాన్పు నీళ్లు చల్లుతోంది. ఏడికని అడగబోయింది. తలుపు దగ్గర నిలబడ్డ అత్త నోటి మీద వేలు పెట్టి ఆపింది. పోయేవాణ్ణి అడగొద్దని. ఈమె నోరు మూసుకుంది. ఆయన వెనక్కి చూడకుండా నాలుగు తోవలు కలిసేచోటికి పోయాడు. అటు తరవాత ఎటు పోయాడో చూసినవాళ్లు లేరు.

"నాలుగు దిక్కులు నలుగురు పోయిండ్రు బిడ్డా. ఒక్కొక్కడు సగం దినం పోయి, గిటు కాదేమో అని ఎన్కకొచ్చె. ఒక్క తోవని ఎరుకైతె నలుగురు గల్సి నాలుగు దినాలు పోకపోదురా? అడిగితె చెడుతదన్నరు. అడగలే. ఏం బాగుపడె?"

బొడ్లో సంచి తీసి ఒక పోగు చూపించింది. మట్టిరంగుకు తిరిగిన పాత పోగు. "ఆయనది. ఏ కడెంకు కట్టాల్నో తెలువక ఉంచిన."

ఆయనను గుర్తుపట్టడానికి ఒకటే ఆనవాలు. చిన్నప్పుడు గుర్రం కొరికి ఎడమ చెవి పైకొస లేదు.

నాగిరెడ్డిపేట పిల్లే నాకు పెళ్లామైంది. మంచి మనిషి. కానీ అత్తను చూడకుండానే కోడలయ్యానన్న బాధ ఆమెకు పోలేదు. ఆ పాపంలో తనకూ పాలుందన్నట్టు, నేను ఇల్లు కదిలేటప్పుడల్లా దూరంగా నిలబడేది. ఎక్కడికని మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి అడగలేదు.

యుద్ధం మొదలై కిరసనాయిలు దొరకని రోజుల్లో ఒకసారి, ఎడ్ల బేరగాడు సరాయి అరుగు మీద మాటల్లో మాటగా, డోంగ్లి సంతలో గుర్రాలకు నాడాలు కొట్టే ముసలాయనొకడు ఉన్నాడని, ఎడమ చెవి సగమే ఉందని అన్నాడు. అవ్వ చేతిలోని చాట కిందపడింది. ఎప్పుడూ గడప దాటి ఊరి బయటికి పోని మనిషి మర్నాడే మూట కట్టుకుంది. బేరగాడి బండిలో పోతుందట. అరుగు మీద సేటు, జవాను, ఇరుగుపొరుగు అందరూ నిలబడ్డారు. అందరికీ తెలుసు ఎక్కడికో, అయినా ఆమె నోట వినలేదు. ఎవరూ నోరెత్తలేదు. ఇన్నేళ్లు అందరినీ అడిగిన మనిషిని ఇప్పుడు అడిగేవాడు లేడు. ఆమె కుడికాలు గడప మీద పెట్టింది.

"ఏడికి వోతున్నవ్ అవ్వా?" అన్నాను.

"నోట్ల మన్నుపొయ్య, ఏం మాటది!" అంది పక్కింటామె. అవ్వ ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆమెకు కోపమొచ్చిందేమోనని భయపడ్డాను. లోపలికి వచ్చింది. నేనే కాళ్లకు నీళ్లిచ్చాను. కూర్చుంది. నీళ్లు తాగింది. రొట్టె చెయ్యడం నాకు రాదు కనుక పేలాలు, బెల్లం పెట్టాను. ఒక్కొక్కటిగా ఏరుకుని తింది, తొందరేమీ లేనట్టు.

"డోంగ్లికి బిడ్డా. బాన్సువాడ మీదుంగ. ఆయనైతె తోలుకొస్త. కాకుంటె పదిదినాలల్ల వస్త."

రెండో కడియానికి పోగు నేనే కట్టాను.

పది రోజులయ్యాయి, రాలేదు. నేను సెలవు పెట్టి మోటరులో బాన్సువాడ పోయాను. అక్కడి నుంచి బండి. మంజీర నిండుగా పారుతుంటే దాటనియ్యలేదు, ఒడ్డున ఒకరోజు పోయింది. పన్నెండో నాడు డోంగ్లి చేరాను. తోవ తెలుసు కనుక ఎవరినీ పెద్దగా అడగాల్సిన పని పడలేదు. చావడిలో ఒక మూలకు గొంగడి కప్పుకుని జ్వరంతో ఉంది. పక్కన నాడాలు కొట్టే ముసలాయన గిన్నెలో జావ పట్టుకుని కూర్చున్నాడు. నిజంగానే చెవి సగమే ఉంది. మరాఠీ తప్ప మాట రాదు.

నన్ను చూసి కళ్లు తెరిచింది. లేచి కూర్చోబోయి కాలేక, పడుకునే అంది.

"పదిదినాలన్న. పదకొండోనాడు రావాలె. పన్నెండోనాడొచ్చినవ్. ఒక్కదినం ఏడ పోయినవ్?"

"మంజీర ఒడ్డున కూసున్న అవ్వా. నీళ్లొచ్చినయ్."

"గట్లనా." నా మాట నమ్మింది. తరవాత ముసలాయన దిక్కు చూపు తిప్పింది. "చెవి గదే. మనిషి గాదు."

అని గొంగడి మొహం మీదికి లాక్కుంది. ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే. కాసేపటికి గొంగడి లోపలి నుంచే అంది. "నలబై ఏండ్లాయె ఒకల కోసం కూసోవట్టి. నన్ను దేవులాడుకుంట ఒకలు వచ్చుడు గిదే మొదలు."

బండిలో తీసుకొచ్చాను. సరాయికి చేరాక, కట్టినవాడే విప్పాలని నాచేతనే ఆ పోగు విప్పించింది. తరవాత ఆమె రెండేళ్లు బతికింది. మళ్లీ అందరినీ అడిగింది, అందరూ విసుక్కున్నారు, అందరూ తిన్నారు. ఒకనాడు నాతో అంది. "నేను పోయినంక ఆయనొస్తె, ఏడికి పోయిందని అడుగుతడు. చెప్పెటోడు ఒకడుండాలె బిడ్డా."

నేను అప్పుడు ఊకొట్టాను. ఆ మాట నాకే అప్పజెప్పిందని సంచి చేతికొచ్చాక గానీ తెలియలేదు.

ఇంతవరకు రాసి కాగితం మడిచాను. సంచి జేబులో వేసుకున్నాను. చెప్పులేసుకుని గడప దాటబోతే, వెనక నుంచి నా పెళ్లాం గొంతు వినిపించింది. భయం భయంగా, మొదటిసారి.

"ఏడికి వోతున్నవయ్యా?"

వెనక్కి వచ్చాను. కాళ్లు కడుక్కున్నాను. ఆమె నీళ్లిచ్చింది, తాగాను. రొట్టె పెట్టింది.

"ఎల్లారెడ్డికి. సరాయికి. గీ పోగు కట్టొస్త."

"ఏ కడెంకు?"

"కామారెడ్డి కడెంకు."

ఒకప్పుడు నా అబద్దం కట్టిన కడియం అదేనని ఆమెకు తెలుసు. నా మొహంలోకి చూసింది.

"సరాయి ఇగ బండాయన ఇంటామెనే చూసుకుంటదట. ఆమెకు చెప్పొస్త. ఎడమ చెవి సగమే ఉన్న ముసలాయన ఎన్నడన్న వచ్చి అవ్వేదని అడిగితె, గీ పోగు చూపెట్టి కామారెడ్డి తోవ పట్టియ్యుమని. స్టేషన్ ఎన్క కంపోండరింటికి పంపుమని. ఏడికి పోయిందో, ఎన్నేండ్లు చూసిందో నేను చెప్త."

ఆమె ఇంకో రొట్టె వేసింది. "ఎప్పుడొస్తవ్?"

"మాపటికి."

మాపటికి వస్తాను. రాకపోతే ఏ తోవన వెతకాలో ఆమెకు తెలుసు.